ఫెడివర్స్ పాఠాలు – 4: లింకు ఎక్కడిది పంపాలి?

ఫెడివర్స్ అంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వేర్వేరు సోషల్ మీడియా సర్వర్ల గుంపు. పోయిన పాఠంలో వేరే సర్వర్‌లో ఉన్నవాళ్లను ఫాలో కావడం దాకా వచ్చాం. ఈసారి లింకుల సంగతి.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం నీడ ఫొటో తీసి నల్లగొండ మేనమామ ఫొటోల సైటైన పిక్సెల్‌ఫెడ్‌లో పెట్టాడనుకోండి. పాలమూరులో ఉన్న మేనకోడలు దాన్ని, చిన్న చిన్న పోస్టులు పెట్టుకునే తన మాస్టడాన్‌లో చూసింది. బ్రౌజర్ పైన ఉన్న అడ్రసు కాపీ చేసి, ఇంకో మాస్టడాన్ సర్వర్‌లో ఉన్న దోస్తుకు పంపింది. వెంటనే జవాబు: "ఏందే, లైక్ కొడ్తే లాగిన్ అడుగుతున్నది. నాకు అండ్ల ఖాతా లేదు గద!"

ఆ లింకును విప్పి చూద్దాం. అసలైతే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది గానీ వరుస ఇదే:

మాస్టడాన్.సోషల్/@మామ@పిక్సెల్‌ఫెడ్.సోషల్/1142...

మొదటి గీత దాకా ఉన్నది మేనకోడలి సర్వర్. మామ ఖాతా ఉన్నది రెండో @ తర్వాత. చివరి అంకెలు మేనకోడలి సర్వర్ తన లెక్క కోసం వేసుకున్నవి; అదే ఫొటోకు దోస్తు సర్వర్‌లో వేరే నంబరు పడుతుంది. అందుకే మాస్టడాన్ లింకులో రెండు @లు కనిపిస్తే అది నకలు అడ్రసని గుర్తు. కొన్నిసార్లు సర్వరే అసలు చోటికి మళ్లిస్తుంది, దాన్ని నమ్ముకొని కూర్చోవద్దు.

అసలు అడ్రసు కోసం పోస్టు కింద మూడు చుక్కలు నొక్కి, లింక్ కాపీ చేసే వరుస ఎంచుకోండి. మాస్టడాన్ వెబ్‌లో అది మామ సర్వర్ అడ్రసే ఇస్తుంది. బృందాలుగా చర్చించుకునే లెమ్మీలోనైతే పోస్టు పక్కన రంగురంగుల ఫెడివర్స్ గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే అసలు చోటికి పోతాం.

ఇది సగం పనే. అసలు లింకు ఒత్తినా దోస్తు పిక్సెల్‌ఫెడ్‌లో తేలుతుంది, అక్కడా లాగిన్ లేదు. మిగతా సగం అందుకున్నవాళ్లది: లింకు నొక్కకుండా కాపీ చేసుకొని, తన సర్వర్‌లో లాగిన్ అయి, సెర్చ్ డబ్బాలో అతికించాలి. అప్పుడు ఆ సర్వరే మామ సర్వర్‌ను అడిగి పోస్టు తెచ్చుకుంటుంది. ఇక లైకు, జవాబు అన్నీ సొంత ఖాతాతోనే. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతికి ప్రమాణంగా 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన యాక్టివిటీపబ్‌లో ప్రతి పోస్టుకూ సొంత గుర్తింపు అడ్రసు ఉంటుంది కాబట్టే ఇది సాధ్యం. పాత కామెంట్లు కొన్ని రాకపోవచ్చు. ఫాలోవర్లకే పెట్టిన పోస్టయితే అసలే రాదు, రాకూడదు కూడా.

మనిషి గురించి చెప్పేటప్పుడు లింకే వద్దు. @పేరు@సర్వర్ అని రాస్తే చాలు, ఎవరి సెర్చ్‌లోనైనా పనిచేస్తుంది. లెమ్మీ బృందానికైతే ముందు @ బదులు ఆశ్చర్యార్థకం: !పేరు@సర్వర్. నన్నడిగితే ప్రొఫైల్ లింకు కన్నా ఇదే నయం.

ఏ సర్వర్‌నూ పట్టుకోని లింకు కోసం వెబ్+ఏపీ అనే రూపాన్ని కొందరు ప్రతిపాదించారు. మామూలు బ్రౌజర్లో నొక్కితే ఏమీ కాదు, ఇప్పటికి పక్కన పెట్టండి.

అభ్యాసం: వేరే సర్వర్ నుంచి వచ్చిన పోస్టు ఒకటి మీ టైమ్‌లైన్‌లో పట్టుకోండి. పై పట్టీలోని అడ్రసునూ, మెనూ ఇచ్చిన అడ్రసునూ నోట్‌బుక్‌లో ఒకదాని కింద ఒకటి రాసి, ఎక్కడ తేడా ఉందో గీత గీయండి. తర్వాత రెండోదాన్ని వేరే సర్వర్‌లో ఉన్న దోస్తుకు పంపి, సెర్చ్‌లో వేయమనండి. వచ్చే పాఠం: సర్వర్ మారితే ఫాలోవర్లను వెంట తెచ్చుకోవడం.