స్పీడ్‌బోటుకు పవర్‌ఫుల్ ఇంజన్ కట్టుకోవాలంటే పార్టులు ఎలా ఎంచుకోవాలి?

కార్ల ఇంజన్లు కట్టడం బాగా తెలిసినవాళ్ళే బోటు ఇంజన్ దగ్గర ఎక్కువగా దెబ్బతింటారు. నేనూ తిన్నాను, ఆ సంగతి కింద చెబుతాను. కారణం ఒక్కటే. కారు హైవే మీద 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఇంజన్ తన శక్తిలో కొంచెమే వాడుతుంది, పల్లం వస్తే దొర్లుతుంది కూడా. నీటి మీద పల్లం ఉండదు. థ్రాటిల్ తగ్గించిన మరుక్షణం నీళ్ళు పడవను ఆపేస్తాయి. బోటు ఇంజన్ పుట్టినప్పటి నుంచి లోడు లారీలా శ్రీశైలం ఘాట్ ఎక్కుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడ పార్టు కొనేటప్పుడు "ఎంత హార్స్‌పవర్ ఇస్తుంది?" అని కాక "ఈ వేడిని, ఈ నీటిని గంటసేపు తట్టుకుంటుందా?" అని అడగాలి.

ఇది గోదావరి లాంచీల డీజిల్ ఇంజన్ల గురించి కాదు. అమెరికా చెరువుల్లో, తీరాల్లో కనిపించే పెట్రోలు వీ-8 బోట్ల గురించి. ముఖ్యంగా మెర్‌క్రూజర్ (మెర్క్యురీ కంపెనీ బోటు ఇంజన్ల బ్రాండ్) పేరుతో బోట్లలో వేలకొద్దీ బిగించిన షెవర్లే బిగ్ బ్లాక్ 454 (7.4 లీటర్లు) గురించి. టెక్సస్, ఫ్లోరిడా లాంటిచోట్ల మనవాళ్ళు పాత బోటు కొంటే అందులో ఇదే ఉండే అవకాశం ఎక్కువ.

మొదటి అడుగు: లెక్క ప్రొపెల్లర్ నుంచి మొదలుపెట్టండి

చాలామంది పిస్టన్ల కేటలాగ్‌తో మొదలుపెడతారు. అది తలకిందుల పని. ముందు డ్రైవ్, అంటే ఇంజన్ శక్తిని ప్రొపెల్లర్‌కు చేర్చే గేర్ల భాగం, ఎంత శక్తిని ఓర్చుకుంటుందో చూడండి. మెర్‌క్రూజర్ డ్రైవుల్లో ఆల్ఫా వన్ అయితే 300 హార్స్‌పవర్ దాటితే గేర్లకు గండం. మామూలు బ్రావో వన్ 450 దరిదాపుల వరకు నమ్మకంగా లాగుతుంది. మెర్క్యురీ వాళ్ళే తమ 525 హార్స్‌పవర్ ఇంజన్ వెనక బ్రావో ఎక్స్‌ఆర్ వాడారు. డ్రైవ్ మార్చే డబ్బు లేకపోతే 600 హార్స్‌పవర్ ఇంజన్ గురించి ఆలోచించనే వద్దు. ఇంజన్ బాగానే ఉంటుంది, చెరువు మధ్యలో గేర్లు పిండి అవుతాయి.

తర్వాత ఆర్‌పీఎం. ప్రొపెల్లర్ తాగే శక్తి సుమారుగా ఆర్‌పీఎం ఘనంతో పెరుగుతుంది. అంటే అదే ప్రొపెల్లర్‌ను 5,000 నుంచి 5,500కి తిప్పాలంటే 10 శాతం కాదు, 33 శాతం ఎక్కువ శక్తి కావాలి. అందుకే బోటులో ఆర్‌పీఎం పెంచి పవర్ తీయడం కన్నా ఇంజన్ సైజు పెంచడమే చవక, అరుగుదల కూడా తక్కువ.

వేగం లెక్క కూడా ఇప్పుడే కాగితం మీద వేసుకోండి. 5,000 ఆర్‌పీఎం, డ్రైవ్ రేషియో 1.5, ప్రొపెల్లర్ పిచ్ (జారకుండా ఒక్క చుట్టుకు ముందుకు పోయే దూరం) 26 అంగుళాలు అనుకుందాం. 5,000ను 1.5తో భాగించి, 26తో గుణించి, 1,056తో (నిమిషానికి అంగుళాలను గంటకు మైళ్ళుగా మార్చే అంకె) భాగిస్తే గంటకు 82 మైళ్ళు వస్తుంది. నీటిలో జారుడు 12 శాతం తీసేస్తే 72. మీ బోటు హల్ (పడవ శరీరం) ఆ వేగానికి తగ్గది కాకపోతే, మిగతా ఖర్చంతా దండగ.

రెండో అడుగు: బ్లాక్, క్రాంక్

454 బోరు (సిలిండర్ వ్యాసం) 4.250 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 4 అంగుళాలు. దీనికి 4.250 స్ట్రోక్ క్రాంక్ వేసి, బోరు 0.030 పెంచితే 489 క్యూబిక్ అంగుళాలు. 0.060 పెంచితే 496. అందరూ 496 అంటారు, పెద్ద అంకె కదా. నా ఓటు 489కే. ఉప్పునీళ్ళు నేరుగా తిరిగిన బ్లాక్ లోపలి గోడలు ఎంత తినేసి ఉన్నాయో బయటికి కనబడదు. ఏడు క్యూబిక్ అంగుళాల కోసం ఆ గోడను ఇంకా చెక్కించడం ఎందుకు? ఎంత బోరు చేయించినా ముందు సోనిక్ టెస్ట్ చేయించండి. గోడ మందం తెలియకుండా పిస్టన్లు ఆర్డర్ పెట్టకండి.

క్రాంక్ కొనేముందు బ్లాక్ ఏ తరందో తేల్చుకోవాలి. 1990 వరకు వచ్చిన మార్క్ ఫోర్‌కు వెనక ఆయిల్ సీలు రెండు ముక్కలు. 1991 నుంచి వచ్చిన జెన్ ఫైవ్, ఆ తర్వాతి జెన్ సిక్స్‌లకు ఒకే ముక్క. ఒకదాని క్రాంక్ ఇంకోదానికి నేరుగా పడదు. పైగా 454 బయటి బ్యాలెన్స్ ఇంజన్. ముందు డ్యాంపర్, వెనక ఫ్లైవీల్ కూడా బ్యాలెన్స్‌లో భాగమే. లోపలే బ్యాలెన్స్ చేసిన కొత్త క్రాంక్ కొంటే ఆ రెండూ మార్చాలి. ఇంజన్ వణుకుతోందని మౌంట్లు మార్చుకుంటూ కూర్చునే వాళ్ళలో సగం మంది ఇక్కడే తప్పారు.

మూడో అడుగు: పిస్టన్లు, హెడ్లు, కంప్రెషన్

ఫోర్జ్డ్ (పోత పోయకుండా ఒత్తి చేసిన) పిస్టన్లే తీసుకోండి, ఇందులో బేరం లేదు. వాటి అల్యూమినియం మిశ్రమాలు రెండు రకాలు. 4032లో సిలికాన్ ఎక్కువ, వేడికి తక్కువ ఉబ్బుతుంది. 2618 ఎక్కువ ఉబ్బుతుంది కానీ దెబ్బకు ఓర్చుకుంటుంది. ఎడతెగని లోడుకు 2618 మేలు. చల్లగా ఉన్నప్పుడు కాస్త టకటకమంటుంది, పట్టించుకోవద్దు. అసలు జాగ్రత్త పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య సందు దగ్గర. బోటులో చెరువు నీళ్ళు సిలిండర్‌ను చల్లగా ఉంచుతుంటే లోపల పిస్టన్ మాత్రం ఎర్రగా కాలుతుంటుంది. సిలిండర్ ఉబ్బదు, పిస్టన్ ఉబ్బుతుంది. కారుకు పెట్టిన సందే పెడితే పట్టేస్తుంది. పిస్టన్ కంపెనీ కాగితంలో "మెరైన్" అని విడిగా ఇచ్చిన కొలతను రీబోరింగ్ షాపువాడికి చేత్తో రాసివ్వండి, నోటితో చెప్పి ఊరుకోకండి.

కంప్రెషన్ (సిలిండర్లో మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ నిష్పత్తి) దగ్గర ఆశ వద్దు. నీటి ఒడ్డు బంకుల్లో చాలాచోట్ల దొరికేది 87 లేదా 89 ఆక్టేన్. ఇనుప హెడ్లతో 8.75కి 1, అల్యూమినియం హెడ్లతో 9.5కి 1 దాటనివ్వకండి. అల్యూమినియం హెడ్లు వేస్తే ఉప్పునీళ్ళు వాటిని తాకకూడదు. హీట్ ఎక్స్‌చేంజర్‌తో కూలెంట్ తిరిగే క్లోజ్డ్ కూలింగ్ ఉండాలి. అది లేని సముద్రపు బోటుకు ఇనుమే గతి.

ఎగ్జాస్ట్ వాల్వులు ఇంకొనెల్‌వి (వేడికి ఓర్చే నికెల్ మిశ్రమం) కొనండి. మామూలు స్టీలు వాల్వు గంటల తరబడి ఎర్రగా కాలితే తల ఊడి సిలిండర్‌లో పడుతుంది. ఎనిమిది వాల్వుల మీద మిగిల్చిన డబ్బు ఒక్క పిస్టన్‌కు కూడా చాలదు.

నాలుగో అడుగు: క్యామ్‌షాఫ్ట్ (నేను దెబ్బతిన్న చోటు)

నా మొదటి ఇంజన్‌కు ఒక షాపువాడు "భలే సౌండ్ వస్తుంది సార్" అని డ్రాగ్ రేసు కార్ల క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) అంటగట్టాడు. సౌండ్ నిజంగానే భలే వచ్చింది. మూడో ట్రిప్పుకల్లా ప్లగ్గులు తీస్తే రెండింటి మీద తుప్పు.

బోటు ఎగ్జాస్ట్‌లో వేడి తగ్గించడానికి నీళ్ళు కలుపుతారు. క్యామ్ ఓవర్‌ల్యాప్ ఎక్కువైతే, అంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి ఎక్కువసేపు తెరుచుకుని ఉంటే, ఐడ్లింగ్‌లో ఎగ్జాస్ట్ గాలి వెనక్కి లాగుతుంది. దానితో పాటు నీటి తుంపర సిలిండర్లోకి వస్తుంది. దీన్ని రివర్షన్ అంటారు. ముందు తుప్పు, ముదిరితే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. కాబట్టి లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల మధ్య కోణం; పెరిగితే ఓవర్‌ల్యాప్ తగ్గుతుంది) 112 నుంచి 114 డిగ్రీలున్న మెరైన్ క్యామ్ తీసుకోండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఏ రకమో, నీళ్ళు ఎంత దూరంలో కలుస్తాయో క్యామ్ కంపెనీకి చెప్పే ఆర్డర్ పెట్టండి.

ఇంకో లాభం కూడా ఉంది. నెమ్మదైన క్యామ్‌తో ఐడ్లింగ్ తక్కువలో నిలబడుతుంది. ఐడ్లింగ్ ఎక్కువుంటే బ్రావో డ్రైవ్ గేరు పడిన ప్రతిసారీ 'ఠంగ్'మంటుంది. ట్యాపెట్లు హైడ్రాలిక్ రోలర్‌వి అయితే మంచిది. ఇప్పటి నూనెల్లో జింక్ తగ్గింది కాబట్టి ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ లోబులు కొత్తలోనే అరిగిపోవచ్చు, రోలర్‌తో ఆ టెన్షన్ ఉండదు.

ఐదో అడుగు: నూనె, నీళ్ళు

ఆయిల్ పాన్ 8 నుంచి 10 క్వార్టులు పట్టేది పెట్టండి, అంటే ఏడున్నర నుంచి తొమ్మిదున్నర లీటర్లు. పెద్ద ఆయిల్ పంపు కొనాలనే ఉబలాటం చాలామందికి ఉంటుంది. చిన్న పాన్‌లో పెద్ద పంపు పెడితే నూనెంతా పైకి ఎక్కించేసి కింద గాలి పీలుస్తుంది. పాన్, కూలర్ పెద్దవి చేసి, పంపు మామూలుదే ఉంచండి. డ్యాష్‌బోర్డు మీద ఒక్క గేజీకే చోటుంటే ఆయిల్ టెంపరేచర్ గేజీ పెట్టండి.

ఉప్పునీళ్ళు నేరుగా తిరిగే ఇంజన్‌లో థర్మోస్టాట్ 140 ఫారెన్‌హీట్ దరిదాపుల్లో ఉండాలి. అంతకన్నా వేడెక్కితే ఉప్పు గోడలకు పేరుకుంటుంది. ఫ్రీజ్ ప్లగ్గులు ఇత్తడివి, హెడ్ గ్యాస్కెట్లు మెరైన్‌వి. ఇవి చిల్లర ఖర్చులే.

ఆరో అడుగు: బోటును కాల్చని పార్టులు

ఇది పవర్‌కు సంబంధం లేని ముచ్చట, కానీ ఇక్కడ కారు పార్టు వాడితే ప్రాణానికే ముప్పు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. కారులో అయితే కిందినుంచి పోతుంది. బోటులో అడుగున గుంటలో నిలిచిపోతుంది. సెల్ఫ్ మోటార్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్ మూడూ "ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్" అని రాసి ఉన్నవే కావాలి. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన కూడా అదే. కార్ల దుకాణంలో అదే ఆకారంలో తక్కువ ధరకు దొరుకుతాయి, బోల్టులు కూడా పడతాయి. కొనకండి.

కార్బురేటర్ కూడా మెరైన్‌దే. పెట్రోలు పొంగితే కారుది బయటికి కారుస్తుంది, మెరైన్‌ది తన గొంతులోకే పోసుకుంటుంది. మెకానికల్ ఫ్యూయెల్ పంపుకు రెండు డయాఫ్రంలు ఉండాలి. మొదటిది చిరిగితే పెట్రోలు పారదర్శక గొట్టంలో కనబడి మీకు తెలియాలి. కార్బురేటర్ పైన ఫ్లేమ్ అరెస్టర్ (మంట బయటికి రాకుండా ఆపే జల్లెడ) తప్పనిసరి. 1940 ఏప్రిల్ 25 తర్వాత బిగించిన లోపలి పెట్రోలు ఇంజన్లకు ఈ నిబంధన ఉంది. అందంగా ఉందని కార్ల ఎయిర్ క్లీనర్ పెట్టడం ఎంతమంది చేస్తారో చెబితే నమ్మరు.

ఇక పొదుపు ఎక్కడంటారా? క్రోమ్ వాల్వ్ కవర్ల దగ్గర, రంగురంగుల వైర్ల దగ్గర, పేరున్న బ్రాండ్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర. క్యూబిక్ అంగుళానికి ఒక హార్స్‌పవర్ దగ్గర ఆగితే మామూలు మానిఫోల్డ్ చాలు.

ఇంజన్ బిగించాక మొదటి రోజు బ్లోయర్ (ఇంజన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) కనీసం నాలుగు నిమిషాలు తిప్పి, వాసన చూసి స్టార్ట్ చేయండి. ఓ గంట నెమ్మదిగా తిప్పి ఒడ్డుకు వచ్చి ఎనిమిది ప్లగ్గులూ తీయండి. ఎక్కడైనా తుప్పు మరక కనిపిస్తే ఇంజన్‌ను మళ్ళీ తిప్పకుండా నాలుగో అడుగు దగ్గరికి వెళ్ళండి.