నటిస్తూనే నాటిక కట్టేవాళ్లకు: మీసం అంటించే లోపు తేలాల్సిన పనులు

తెలుగునాట నాటక సమాజాన్ని నడిపేది చాలాసార్లు అందులో వేషం కట్టేవారే. నాగభూషణం సినిమాల్లో క్యారెక్టర్ పాత్రలు వేస్తూనే సొంత బృందంతో ఊరూరా ‘రక్తకన్నీరు’ ఆడారు. చివరికి ఆ నాటకమే ఆయన ఇంటిపేరైంది. వరంగల్, హనుమకొండల్లో ఇప్పుడు నాటిక కట్టేవాళ్లదీ అదే బాట: ఖర్చూ తమదే, వేషమూ తమదే. రెండు బరువులూ ఒక్కరి మీద పడితే ముందు దెబ్బతినేది నటన. మీసం అంటించుకునేసరికి నిర్మాత పని పూర్తిగా ముగిసిపోవాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

మొదట పాత్ర ఎంచుకోండి. నిర్మాత నాయక పాత్ర జోలికి పోవద్దు. తెర లేచిన పదిహేను ఇరవై నిమిషాలకు వచ్చే తండ్రి, మామ, పక్కింటి పెద్దమనిషి లాంటి పాత్ర తీసుకోండి. మొదటి దృశ్యంలో మైకు గరగరలాడినా, లైటు ఆరిపోయినా మీరు తెర వెనుకే ఉంటారు. పైగా నాటక పరిషత్తులు పెట్టే పోటీల్లో ఉత్తమ క్యారెక్టర్ నటుడికి విడిగా బహుమతి ఉంటుంది. అది చిన్న వేషమేమీ కాదు.

నాటిక గంటలోపు ముగియాలి. స్క్రిప్టును గడియారం పెట్టుకుని గొంతెత్తి చదవండి. చదవడానికి 48 నిమిషాలు పడితే వేదిక మీద రాకపోకలు, మౌనాలు, చప్పట్లు కలిసి 56, 57 అవుతుంది. చదవడానికే 55 పట్టిందంటే అప్పుడే కత్తిరించండి, ప్రదర్శన ముందురోజు కాదు. రచయిత దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. రచయిత పోయినా 60 ఏళ్లదాకా హక్కులు వారసులవే.

తేదీ వేసుకునే ముందు నటీమణి తేదీలు అడగండి. మంచి నటి ఒకేసారి మూడు నాలుగు సమాజాలతో ఆడుతుంటుంది. హాలు దొరికాక ఆమె దొరక్కపోతే రిహార్సళ్లన్నీ వృథా. అడ్వాన్సు, రానుపోను చార్జీలు, బస ముందే మాట్లాడుకోండి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర వస్తుంది. ఆ రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల వ్యాన్లు, జనరేటర్లు దొరకడం కష్టం, ఆ నెల వదిలేయండి.

హాలు విషయంలో మోజుకు పోవద్దు. 2024లో తెరుచుకున్న కాళోజీ కళాక్షేత్రం చాలా పెద్దది. ఐదారుగురు నటులుండే ఇంటి కథకు నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం లాంటిదే నప్పుతుంది. కనురెప్ప కదలిక ఆఖరి వరుసకూ అందాలి కదా! ఆరుబయట వేదికైతే రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్‌కు అనుమతి ఉండదు. సన్మానాలు పదిహేను నిమిషాల్లో ముగించాలని నిర్వాహకులకు ముందే చెప్పండి. శాలువాలు అరగంట తింటే ఆఖరి దృశ్యాన్ని పరుగెత్తించాల్సి వస్తుంది.

ఇక పాత్ర. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసి రిటైరైన ముసలాయన అనుకోండి. చాలామంది నటులు వెంటనే నడుం వంచి, గొంతు వణికిస్తారు. అది ముసలితనం కాదు, ముసలితనాన్ని వెక్కిరించినట్టుంటుంది. ఏళ్ల తరబడి మగ్గాల మోతలో నిలబడ్డ మనిషికి చెవులు మందగిస్తాయి. ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడతాడు. ఎదుటివాళ్ల కళ్ల వంక కాదు, పెదాల వంక చూస్తాడు. కూర్చునే ముందు చేత్తో కుర్చీని తడిమి చూసుకుంటాడు. ఇవి చాలు, నడుం నిటారుగానే ఉంచండి. భాషలోనూ అంతే జాగ్రత్త. ఆయన వరంగల్ మనిషి అయితే ‘వచ్చిండు’ అంటాడు, జగిత్యాల నుంచి వచ్చిన వియ్యంకుడైతే ‘అచ్చిండు’ అంటాడు. ఇద్దరి నోటా ఒకే యాస పలికితే ఇక్కడి ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు.

మీసానికి వాడే క్రేప్ వెంట్రుక జడలా అల్లి వస్తుంది. ముందురోజే విప్పి, తడిపి, సాగదీసి ఆరబెట్టండి. లేకపోతే ఉంగరాలు తిరిగి నకిలీదని తెలిసిపోతుంది. గడ్డం పొద్దున్నే గీసుకోవాలి. అప్పుడే గీసిన చర్మం మీద స్పిరిట్ గమ్ (మీసం అంటించే జిగురు) మంట పెడుతుంది. పై పెదవి మీద క్రీము, నూనె తగలనివ్వకండి, జిగురు పట్టదు. పలుచగా ఒక పూత వేసి, ఆరాక రెండో పూత వేయండి. వేలికి జిగటగా తగలగానే పెదవి అంచు నుంచి ముక్కు వైపు, వరుస మీద వరుసగా వెంట్రుక అంటించి, తడిగుడ్డతో అద్దండి. కత్తిరింపు అంటించాకే. ఆ తర్వాత పది నిమిషాలు నవ్వొద్దు, టీ తాగొద్దు.

జుట్టుకు ఉత్త తెలుపు పూస్తే లైట్ల కింద నీలంగా కనబడుతుంది. చిటికెడు పసుపు రంగు కలపండి. కణతల దగ్గర మొదలుపెట్టి చెవుల పైకి తీసుకెళ్లండి. మెడకూ చేతులకూ కూడా మేకప్ ఉండాలి. డెబ్బై ఏళ్ల మొహం కింద ముప్పై ఏళ్ల చేతులు ఆడుతుంటే పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే.

సెట్టింగుకు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు చెక్క ఫ్రేములకు గాడా (ముతక నూలు) గుడ్డ బిగించి రంగు వేస్తే చాలు. అయితే నిలువు ఫ్రేము ట్రాలీ ఆటోలో పట్టదు. నడుమ మడతబందులు వేయించండి. తలుపున్న ఫ్రేము వెనుక ఏటవాలు కర్ర, దాని మొదట్లో ఇసుక మూట తప్పనిసరి. అవి లేకుండా పాత్ర కోపంగా తలుపేస్తే గోడంతా ఊగుతుంది, కన్నీళ్లు పెట్టాల్సిన చోట జనం నవ్వుతారు.

రిహార్సల్స్ ఇరవై ఐదు సాయంత్రాలు, రోజుకు రెండు గంటలు. చివరి ఐదు రోజులూ ప్రాంప్టింగ్ (పక్కనుంచి డైలాగు అందించడం) ఆపేసి, చేతి సామాను అంతా పట్టుకునే చేయాలి. కళ్లజోడు జేబులోంచి తీయడానికి పట్టే నాలుగు క్షణాలు కూడా డైలాగులో లెక్కే.

ప్రదర్శన రోజు పొద్దున్నే ఎవరికివ్వాల్సిన డబ్బు వాళ్ల పేరు రాసిన కవర్లో పెట్టేయండి. తెర లేవడానికి రెండు గంటల ముందు కవర్ల సంచి, హాలు తాళాలు, మీ ఫోను ఆ రోజు నటించని ఒకరి చేతికివ్వండి. జనరేటర్ అతను డబ్బులడిగినా, వీఐపీకి కుర్చీ లేకపోయినా ఆయనే చూసుకోవాలి. మేకప్ గదిలోకి ఎవరినీ పంపొద్దని గట్టిగా చెప్పండి.

తెర పడ్డాక మీసం పీకొద్దు, చర్మం లేచొస్తుంది. కొబ్బరినూనె అంచుల వెంట రాసి, రెండు నిమిషాలాగి మెల్లగా వలిచేయండి. ఈలోగా కవర్లు పంచేయాలి. లెక్కలు రేపు చూసుకోవచ్చు. నటీమణిని, తోడొచ్చినవాళ్లను కాజీపేట జంక్షన్‌లో రైలెక్కించి వచ్చాకే సెట్టింగు విప్పడం మొదలుపెట్టండి.