స్టెబిలైజర్ లింకు మన చేత్తోనే – 3వ పాఠం: పొడవు, ఎదురు మర, మూడు బియ్యం సంచులు

స్టెబిలైజర్ లింకు అంటే, మలుపులో బండి ఒరుగుదలని తగ్గించే అడ్డ కడ్డీని (స్టెబిలైజర్ బార్‌ని) చక్రం వైపు సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీ. దాని కోసం పోయిన పాఠంలో సామాను కొనుక్కున్నాం. ముందు చక్రాల జతకి నాలుగు ఎం12 (12 మి.మీ. మర) రాడ్ ఎండ్‌లు, అంటే ఒక కొస కన్ను, ఇంకో కొస మర ఉన్న ముక్కలు, ఉండాలి: రెండు మామూలు మరవి, రెండు ఎదురు మరవి. షాపు భాషలో రైట్, లెఫ్ట్. రాడ్ ఎండ్ కదలకుండా బిగించే చెక్ నట్లు కూడా అలాగే రెండేసి. తెచ్చినవి ఒకసారి చేత్తో బిగించి చూసుకోండి. పొట్లంలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఈ వారం లింకు బాడీ, అంటే రెండు రాడ్ ఎండ్‌లూ బిగిసే నడిమి కడ్డీ, చేసి కారుకి ఎక్కిద్దాం. అయితే లేత్ దగ్గరికి పరిగెత్తే ముందు పొడవు తేలాలి. స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించినవాళ్లందరూ అనే మాట ఒకటుంది: "దించితే పొట్టి లింకు వెయ్యాలి". ఇది సగమే నిజం. కింద దూరి ఒకసారి చూడండి. బార్ తాను పైన ఉండి, లింకు కింది ఆర్మ్ (చక్రాన్ని పట్టుకునే చెయ్యి) మీద మొదలై పైకెళ్లి బార్‌ని పట్టుకుంటే, బండి దిగినప్పుడు ఆర్మ్ పైకొచ్చి బార్ కొసని ఎత్తేస్తుంది. అక్కడ పొట్టి లింకే కావాలి. బార్ తాను కింద ఉండి, లింకు పైన స్ట్రట్‌ని (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన కాలుని) పట్టుకునే బండైతే లెక్క తిరగబడుతుంది. స్ట్రట్ పైకొస్తూ బార్ కొసని తనతో లాక్కుపోతుంది, కాబట్టి దాన్ని మళ్లీ సమంగా దించాలంటే లింకు పొడుగవ్వాలి. కాగితం మీద రెండు గీతలు గీసి చూస్తే ఎవరినీ అడగక్కర్లేదు. ఏ బండైనా ఒక జాగ్రత్త: బార్ కొస కొత్త చోటికి వచ్చాక స్టీరింగ్ రాడ్‌కో, డ్రైవ్ షాఫ్ట్‌కో తగలకూడదు.

మన పాఠం బండి మొదటి రకం. రెండు సీట్లు, వెనక చక్రాల డ్రైవ్, 25 మి.మీ. దించారు. పాత లింకు కన్ను మధ్య నుంచి కన్ను మధ్యకి 250 మి.మీ. మరి కొత్తది 225 చేసేద్దామా? వద్దు. లింకు చక్రం దగ్గర లేదు, ఆర్మ్ పొడవులో ఐదింట నాలుగు వంతుల దగ్గర పట్టుకుంది. చక్రం 25 పైకొస్తే అక్కడ వచ్చేది 20. కాబట్టి 230.

ఇప్పుడు బాడీ లెక్క. నా దగ్గరున్న రాడ్ ఎండ్ కన్ను మధ్య నుంచి మర కొస వరకు 54 మి.మీ., అందులో మర 33. బాడీలోకి 24 దిగాలి, చెక్ నట్ 6 తింటుంది, 3 ఖాళీ మిగులుతుంది. అంటే ఒక్కో వైపు బాడీ బయట 30. రెండు వైపులా 60 తీసేస్తే బాడీ 170 మి.మీ. మర కనీసం ఒకటిన్నర వ్యాసమంత, అంటే 18 మి.మీ., లోపల పట్టుకుని ఉండాలి. ఈ రెండు హద్దుల మధ్య లింకు 224 నుంచి 242 దాకా ఆడుతుంది. మనకి అది చాలు.

19 మి.మీ. షట్కోణపు కడ్డీ, ఈఎన్8 రకం ఉక్కు తీసుకోండి. అల్యూమినియం చూడ్డానికి బాగుంటుంది, బరువూ తక్కువే. కానీ అందులో మర ఇంకా లోతుగా పట్టాలి, గుంతలో పడ్డ దెబ్బకి ఉక్కంత ఓర్చుకోదు. మన రోడ్లకి ఉక్కే నా ఓటు. 19 పానా ఎవరి డబ్బాలోనైనా ఉంటుంది, అదింకో లాభం.

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపులకి కరువు లేదు. టర్నర్‌కి చెప్పాల్సింది ఇదీ: రెండు కొసలూ ఫేసింగ్ (చదును చేయడం), సెంటర్ డ్రిల్, ఆ తర్వాత 10.2 డ్రిల్లు 35 మి.మీ. లోతు, ఎం12 ట్యాపు (లోపలి మర) 30 లోతు, పిచ్ (మర ఒక చుట్టుకి నడిచే దూరం) 1.75. ఒక కొస రైట్, ఇంకో కొస లెఫ్ట్. లెఫ్ట్ ఉన్న కొస దగ్గర చుట్టూ సన్నటి గాడి ఒకటి కోయించండి. చీకట్లో గోరుతో తడిమినా ఏ కొసో తెలిసిపోవాలి.

ఆ చివరి మాట ఊరికే చెప్పడం లేదు. నా మొదటి జతకి ఒక షాపులో రెండు కొసలకీ రైటే కోసిచ్చారు. నేనూ రెండు పక్కలా రైట్ రాడ్ ఎండ్‌లే బిగించుకుని ఇంటికొచ్చాను. కారు కింద పడుకుని బాడీని తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, పొడవు మారదు! ఒక కొస ఎంత లోపలికి పోతోందో రెండోది అంత బయటికి వస్తోంది. ఆ సంగతి బుర్రకెక్కేసరికి దోమలు నా మోచేతులు తినేశాయి. ఎదురు మర ఉంటేనే బాడీ నడుం తిప్పితే రెండు కొసలూ కలిసి కదులుతాయి. మన లింకు ఒక చుట్టుకి 3.5 మి.మీ. మారుతుంది. షట్కోణం ఒక్కో పలక తిప్పితే 0.6కి కొంచెం తక్కువ.

ఇక ఎక్కించడం. జాకీ మీద, చక్రాలు వేలాడుతుంటే లింకు పొడవు సరిచేయకండి. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంటే ఇదే గుర్తుండనివ్వండి. బండి నాలుగు చక్రాల మీద, సమమైన నేల మీద, సర్వీసు గుంట పైన నిలబడాలి. డ్రైవరు సీట్లో 25 కేజీల బియ్యం సంచులు మూడు వేయండి. మనిషిని కూర్చోబెట్టొచ్చు గానీ, పావుగంటకే ఫోను మాట్లాడుకుంటూ దిగిపోతాడు. సంచులు దిగవు. బానెట్ మీద రెండుసార్లు నొక్కి వదిలేసి బండిని కుదురుకోనివ్వండి.

ఎడమ లింకుని 230కి పెట్టి బిగించేయండి. కుడి లింకు కింది బోల్టు పెట్టి, పైదాన్ని వదిలేయండి. ఇప్పుడు నడుం ఒక్కో పలకే తిప్పుతూ, పై బోల్టు రెండు వేళ్లతో నెడితే జారిపోయేదాకా సరిచేయండి. సుత్తితో కొట్టాల్సి వచ్చిందంటే బార్ అప్పుడే మెలి తిరిగి ఉందన్నమాట. అలాంటి కారు ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా ఒరుగుతుంది. తిన్నగా నిలబడ్డ కారులో బార్ నిద్రపోతూ ఉండాలి. కుడి, ఎడమ పొడవుల్లో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా కంగారు పడకండి. ఏ కారూ అచ్చంగా సమంగా ఉండదు.

చెక్ నట్లు బిగించే ముందు బాడీ నడుం పట్టుకుని దాని ఇరుసు మీద అటూ ఇటూ ఆడించండి. రెండు కన్నులూ ఒకే తీరుగా ఉంటే రెండు పక్కలా సమానంగా కదిలి "టిక్" మంటుంది. ఒక కన్ను మెలిపడి ఉంటే ఒక వైపు ఆటే ఉండదు. ఆ కన్నే రేపు గుంతలో దిగినప్పుడు తన హద్దు దాటి వంగి, మెడ దగ్గర విరుగుతుంది. ఒక పానాతో రాడ్ ఎండ్‌ని పట్టుకుని, ఇంకోదాంతో నట్ బిగించండి. కన్నుకి రెండు పక్కలా కోను ఆకారపు వాషర్లు మరిచిపోవద్దు. బోల్టులకి బండి సర్వీసు పుస్తకంలోని టార్క్ పెట్టండి. అది దొరక్కపోతే 8.8 గ్రేడు ఎం12కి 80 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగున్న నట్) ఒకసారి విప్పితే కొత్తది వేయండి. చివరగా జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఏదీ పట్టేయడం లేదని చూసుకోండి.

నట్ మీదా బాడీ మీదా కలిపి ఒక పెయింటు గీత గీసి, వంద కిలోమీటర్లు తిరిగి రండి. ప్రకాశం బ్యారేజీ తిన్నగా ఉంటుంది, అక్కడ మీకేమీ తెలియదు. కనకదుర్గ ఫ్లైఓవర్ మలుపులో, మామూలు వేగంలోనే, బండి ఎంత ఒరుగుతోందో తొడలకి తెలుస్తుంది. తిరిగొచ్చాక గీత తెగిందేమో, అంటే నట్ కదిలిందేమో, చూడండి.

ఒక మాట దాచను. కంపెనీ లింకుకి రబ్బరు బూటు (తొడుగు), లోపల గ్రీజు ఉంటాయి. మన రాడ్ ఎండ్ కన్ను తెరిచే ఉంటుంది. దుమ్ము, వానాకాలం బురద దాన్ని త్వరగా అరగదీస్తాయి, అప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద "టక్ టక్" మొదలవుతుంది. రోజూ బందరు రోడ్డు మీద ఆఫీసుకి వెళ్లొచ్చే బండికి, దించకపోతే, కంపెనీ లింకే మేలు.

వచ్చే వారం వెనక జత. అక్కడ లింకు మరీ పొట్టిగా ఉంటుంది, ఈ బాడీ పట్టదు. ఈలోగా మీ బండి వెనక లింకు కన్ను నుంచి కన్నుకి కొలిచి రాసి పెట్టుకోండి. చక్రాలు నేల మీద ఉండగానే.