కనూ ట్రిప్‌లో తేడా ఎక్కడ వస్తోంది: సమస్య - పరిష్కారం

అమెరికాలో మిస్సోరీలోని కరెంట్, జాక్స్ ఫోర్క్ నదుల మీద, ఆర్కన్సాలోని బఫెలో నది మీద రెండు మూడు రోజుల కనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) ట్రిప్‌లు చాలాసార్లు వేశాను. ప్రతి వేసవిలోనూ మనవాళ్ల నుంచి వచ్చే ఫోన్లలో సమస్యలు మాత్రం మారవు. తెడ్డు వేయడం, లైఫ్ జాకెట్ బిగించుకోవడం వచ్చినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. అలాంటివాళ్లు కూడా టెంట్, మారినేట్ చేసిన చికెన్, బ్లూటూత్ స్పీకర్ అన్నీ సర్దుకుని, నీటిమట్టం చూడకుండా బయల్దేరుతున్నారు.

పడవ అడుగు రాళ్లకు రాసుకుంటోంది, దిగి లాగాల్సి వస్తోంది

మీరు ఎంచుకున్న నెల తప్పు. బఫెలో నది మీద ఎక్కడా డ్యామ్ లేదు, దాని పై భాగం వాన నీటి మీదే ఆధారపడుతుంది. ఆ పై భాగంలోని పోంకా దగ్గరి కొండచరియల ఫొటోలు చూసి జులైలో వెళ్తే చాలా చోట్ల పడవ తేలే నీళ్లు కూడా ఉండవు. ఆ భాగానికి వసంతంలో వెళ్లాలి. వేసవిలోనే సెలవు దొరికితే అదే నదిలో దిగువనున్న టైలర్ బెండ్ దాటాక పడవ వేయండి, ఆగస్టులో అక్కడ కూడా మట్టం చూసుకునే వేయండి. అంతకంటే మంచి దారి కరెంట్ నదికి మారడం. వెల్చ్ స్ప్రింగ్, పుల్‌టైట్ స్ప్రింగ్ లాంటి ఊటలు దానికి ఏడాది పొడవునా నీళ్లిస్తాయి.

చీకటి పడుతోంది, దిగాల్సిన చోటు ఇంకా రాలేదు

రోజుకు 20 మైళ్లు అని కాగితం మీద లెక్క వేసుకుంటే ఇలాగే అవుతుంది. సామాను, పిల్లలు ఉన్న పడవ గంటకు రెండు మూడు మైళ్లకు మించి పోదు. మధ్యలో ఈతలు, భోజనాలు ఎలాగూ ఉంటాయి. రోజుకు 8 నుంచి 10 మైళ్లు పెట్టుకోండి. కరెంట్ నది మీదైతే సెడార్ గ్రోవ్ నుంచి ఏకర్స్ దాకా సుమారు 8, ఏకర్స్ నుంచి పుల్‌టైట్ దాకా 10, అక్కడి నుంచి రౌండ్ స్ప్రింగ్ దాకా ఇంకో 9 లేదా 10. మొదటిసారి వెళ్లే కుటుంబానికి మూడు రోజులకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఒక కారు ముందే రౌండ్ స్ప్రింగ్‌లో వదిలి రండి. దాని తాళం మీ వెంట ఉందో లేదో పడవ ఎక్కేముందు చేత్తో తడిమి చూసుకోండి. ఎక్కిన చోట కారులోనే ఆ తాళం మరిచిపోయి వచ్చినవాళ్లు నాకు ఒకరికంటే ఎక్కువ మందే తెలుసు.

మలుపులో పడవ బోల్తా కొడుతోంది

ప్రవాహం మలుపు బయటి ఒడ్డుకు తోస్తుంది, పడిపోయిన చెట్ల మానులు, వేళ్లు ఉండేదీ అక్కడే. లోపలి ఒడ్డు పట్టుకుని, మలుపు రాకముందే పడవ తిప్పడం మొదలుపెట్టండి. అప్పటికీ మానుకు అడ్డంగా తగిలితే దానికి దూరంగా వెనక్కి ఒరగకండి. భయంతో అందరూ చేసేది అదే, అప్పుడు ప్రవాహం వచ్చే వైపు అంచు మునిగి పడవ నిండిపోతుంది. మాను వైపే ఒరగాలి.

రాత్రి చుక్కలు కనిపించాయి, తెల్లారేసరికి పడవ లేదు

ఇది నాకు స్వయంగా జరిగింది. మే నెలలో జాక్స్ ఫోర్క్ మీద, 17వ నంబరు రోడ్డు వంతెన దగ్గర పడవ ఎక్కి ఆలీ స్ప్రింగ్ దాకా, దాదాపు 25 మైళ్ల ట్రిప్. బయల్దేరే ముందు ఆలీ స్ప్రింగ్ దగ్గరి గేజ్ (నీటిమట్టం కొలిచే పరికరం) చూశాను, దాని గ్రాఫ్‌లో గీత సమంగా ఉంది. వాతావరణం కూడా చూశాను, మేం ఉండబోయే చోట వాన లేదు. గులకరాళ్ల మేట మీద టెంట్లు వేసి, పడవలను నీటి అంచు నుంచి నాలుగడుగులు పైకి లాగి పడుకున్నాం. పడమటి వైపు ఎక్కడో చాలా దూరంలో మెరుపులు కనిపించాయి. ఉరుము కూడా వినపడలేదు కాబట్టి పట్టించుకోలేదు. రాత్రి మూడింటికి మా తమ్ముడు లేపాడు: "అన్నయ్యా, చెప్పులు తేలుతున్నాయి!" పిల్లలను ఎత్తుకుని వెనక గట్టెక్కాం. రెండు పడవలూ పోయాయి.

నేను గేజ్ చూశాను, కానీ చూసింది మాకు దిగువన ఉన్నది. అది మమ్మల్ని దాటిపోయిన నీటి సంగతి చెబుతుంది, రాబోయే నీటి సంగతి చెప్పదు. గోదావరి జిల్లాల్లో పెరిగినవాడిని, ఇది నాకు తెలియని విషయం కాదు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని వింటూ పెరిగాం. రాజమండ్రిలో ఎండ కాస్తున్నా భద్రాచలంలో ఎంత ఉందని అడుగుతాం. అమెరికా వచ్చాక అదే మనం నది దగ్గర ఆకాశం వైపు చూస్తున్నాం.

అందుకే మీరు పడవ ఎక్కే చోటికి ఎగువన, లేదంటే దానికి అతి దగ్గరలో ఉన్న గేజ్ చూడండి. జాక్స్ ఫోర్క్‌కైతే అది మౌంటెన్ వ్యూ దగ్గరిది. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) సైట్‌లో ఈ రెండు గేజ్‌లూ ఉన్నాయి. అక్కడి అంకె లోతు కాదు, ఒక స్థిర బిందువు నుంచి కొలిచిన ఎత్తు. అంకె కన్నా గీత పైకి లేస్తోందా లేదా అన్నదే ముఖ్యం. వాన సూచన కూడా ఎగువ ప్రాంతమంతటికీ చూడాలి. నది మీద చాలా చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి బయల్దేరే రోజు పొద్దున్నే ఇదంతా చూసేయాలి.

సిగ్నల్ లేని చోట నదినే చూడాలి. సాయంత్రం నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి, పడుకునే ముందు ఒకసారి, రాత్రి లేచినప్పుడు ఒకసారి టార్చ్ వేసి చూడండి. తేటగా ఉన్న నీళ్లు మసకబారినా, ఆకులు, పుల్లలు, నురగ కొట్టుకొస్తున్నా మట్టం పెరుగుతోందనే అర్థం. రాళ్ల మీద గలగల తగ్గినా అంతే, రాళ్లు మునుగుతున్నాయి.

టెంట్ వేసే మేటకు వెనక గట్టెక్కే దారి ఉండాలి. చుట్టూ నీళ్లున్న లంక మీద వద్దు. పడవను బోర్లించి, రెండు కొసలూ చెట్టుకు కట్టండి. లైఫ్ జాకెట్లు టెంట్‌లోనే పెట్టుకోండి. నీళ్లొస్తే సామాను వదిలేసి పైకెక్కండి, చీకట్లో పడవ వేయకండి. 2010 జూన్‌లో ఆర్కన్సాలోనే ఆల్బర్ట్ పైక్ క్యాంపులో రాత్రివేళ లిటిల్ మిస్సోరీ నది పొంగి 20 మంది చనిపోయారు. వరద తగ్గేదాకా ఆగడానికి ఒక రోజు తిండి, ఒక రోజు సెలవు అదనంగా ఉంచుకోండి. పడవలు అద్దెకిచ్చినవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పండి.

మిగతావి

స్లీపింగ్ బ్యాగ్ తడిసిందంటే డ్రై బ్యాగ్ (నీళ్లు చొరని సంచి) మూతి మూడు చుట్లు చుట్టలేదన్నమాట. లోపల ఒక చెత్త కవర్ కూడా వేయండి. పాముల గురించి అందరూ అడుగుతారు, కనిపించేవాటిలో ఎక్కువ విషం లేని నీటి పాములే, వాటి జోలికి పోకండి. ఎలుగుబంటి కన్నా రకూన్‌లు మీ తిండి ఎత్తుకెళ్లే అవకాశం ఎక్కువ, ఐస్‌బాక్స్ మూతకు తాడు కట్టండి. ఆవకాయ గాజు సీసాలో తేవద్దు. ఈ నదుల మీద గాజు నిషేధం, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి.