పిల్లలకు కడుపులో పురుగులా? లక్షణాన్ని బట్టి కారణం, మందు

పిల్లలు నిద్రలో పళ్ళు కొరికినా, బెల్లం ఎక్కువ తిన్నా మనం "కడుపులో పురుగులే" అనేస్తాం. తీపి తింటే పురుగులు పుట్టవు, పళ్ళు కొరకడం వాటికి గుర్తూ కాదు. అసలు గుర్తులు వేరే ఉన్నాయి.

రాత్రి పడుకున్నాక మలద్వారం దగ్గర దురద, నిద్రలో పొర్లడం

కారణం: నులిపురుగులు. తెల్లటి దారం ముక్కల్లా ఉంటాయి. ఆడపురుగు రాత్రిపూట బయటికొచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడుతుంది. పిల్లలు గోకుతారు, గుడ్లు గోళ్ళలోకి, అక్కడి నుంచి నోట్లోకి వెళ్తాయి. పక్కబట్టల మీద అవి రెండు మూడు వారాలు బతికి ఉండగలవు.

మల పరీక్షలో ఇవి చాలాసార్లు కనబడవు. రిపోర్టు నార్మల్ అని ఊరుకోకండి. పిల్లలు నిద్రపోయిన రెండు మూడు గంటలకు టార్చి వేసి చూడండి. లేదా పొద్దున్నే కడగకముందే సెల్లో టేపు అక్కడ అంటించి తీసి ల్యాబ్‌లో ఇవ్వండి.

పరిష్కారం: ఆల్బెండజోల్. రెండేళ్ళు దాటినవాళ్ళకు 400 మి.గ్రా. మాత్ర, ఏడాది నుంచి రెండేళ్ళ లోపు వాళ్ళకు అందులో సగం. చిన్నపిల్లలకు మాత్ర పొడిచేసి నీళ్ళలో కలిపి ఇవ్వాలి, లేకపోతే గొంతుకు అడ్డం పడుతుంది. ఏడాది లోపు పిల్లలకు, గర్భిణులకు డాక్టర్‌ను అడగకుండా వేయొద్దు.

మందు వేసినా నెల తిరక్కుండా మళ్ళీ వచ్చిందా?

తల్లులను ఎక్కువగా విసిగించేది ఇదే. మా పాపకూ అలాగే అయింది. చాలామంది మందు పనిచేయలేదనుకుని కంపెనీ మారుస్తారు. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను నమ్మకంగా చంపలేదు. అందుకే రెండు వారాలకు రెండో డోసు తప్పనిసరి. మేము అదే మర్చిపోయాం. పైగా ఆ మొదటి డోసు కూడా పాప ఒక్కదానికే వేశాం. దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి.

మర్నాడు పొద్దున్నే పిల్లలకు స్నానం చేయించండి. దుప్పట్లు దులపకండి, గుడ్లు గాల్లోకి లేస్తాయి. అలాగే చుట్టి తీసుకెళ్ళి వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. గోళ్ళు పొట్టిగా కత్తిరించండి.

ముఖం పాలిపోవడం, ఆయాసం, మట్టి తినడం

కొంకి పురుగులు కావచ్చు. మలం కలిసిన తడి మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగితే పాదాల చర్మంలోంచి లోపలికి దూరి, పేగులకు కరుచుకుని రక్తం పీలుస్తాయి. మందుతో పురుగు పోతుంది, పోయిన రక్తం వెంటనే రాదు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, డాక్టర్ చెప్పినన్నాళ్ళు ఐరన్ వాడాలి. పురుగులు లేకపోయినా ఐరన్ తక్కువైతే మట్టి తినాలనిపిస్తుంది, కాబట్టి పరీక్ష మానొద్దు.

మలంలోనో వాంతిలోనో జానెడు పాము

ఏలికపాము. దీనికీ ఆల్బెండజోలే. అయితే పొట్ట ఉబ్బి, పచ్చటి వాంతులై, మలం, గాలి ఆగిపోతే పేగుకు అడ్డం పడి ఉండొచ్చు. మాత్ర వేసి చూద్దామని కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

వారాల తరబడి కంపు కొట్టే జిడ్డు విరేచనాలు, గ్యాస్

ఇది పురుగు పని కాకపోవచ్చు. నీళ్ళ ద్వారా వచ్చే జియార్డియా అనే సూక్ష్మజీవి ఇలా చేస్తుంది. ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో పోదు, మల పరీక్ష చేయించి డాక్టర్ రాసిన మందు పూర్తిగా వాడాలి. నీళ్ళు మరగకాచి తాగండి. జిగట, రక్తం పడితే ఆలస్యం చేయొద్దు.

ఏటా ఫిబ్రవరి 10న, చాలాచోట్ల ఆగస్టు 10న కూడా అంగన్‌వాడీల్లో, బడుల్లో 1 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకు ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తారు. తప్పకుండా వేయించండి. అయితే అది ఒక్క డోసే. రాత్రి దురద ఉన్న పిల్లలకు రెండు వారాల తర్వాత ఇంకొకటి కావాలి, ఆ తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.