పాత పోత బొమ్మల సేకరణ – 4వ పాఠం: చిలుము, అరుగుదల

పోయిన పాఠంలో తడిగుడ్డతో తుడవమన్నాను. చాలామంది చింతపండు అందుకున్నారు, కొందరు దానికి ఉప్పు కూడా జోడించారు. పూజ సామాను తోమే చేతులకు అది అలవాటే. దాంతో వచ్చిన ప్రశ్నలన్నీ ఒకటే: బొమ్మ గులాబీ రంగుకు తిరిగింది, సందుల్లో లేత పచ్చ పొడి రాలుతోంది, ఇప్పుడేం చేయాలి? ఈసారి రాయాల్సిన ధరల సంగతి పక్కన పెట్టి ముందు ఇది తేలుద్దాం.

గులాబీ రంగుకు మందు లేదు. ఇత్తడిలో ఉండేది రాగి, జింకు. చింతపండు పులుపుకు పైపొరలోని జింకు ముందు కరిగిపోతుంది, రాగి మిగులుతుంది. మళ్లీ తోమితే ఇంకా ఎర్రబడుతుంది. అలాగే వదిలేయండి, గాలికి మెల్లగా ముదురుతుంది.

పచ్చ పొడి సంగతి వేరు. ఉప్పులోని క్లోరైడ్ రాగిని పట్టుకుంటుంది. దానికి తేమ తగిలితే పొడిగా మారుతూ కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం మళ్లీ రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడ్ పుడుతుంది. దీన్నే బ్రాంజ్ డిసీజ్ అంటారు. అనుమానం ఉంటే పొడిని వెదురు పుల్లతో గీకేసి, బొమ్మను గట్టి మూతున్న డబ్బాలో పెట్టి, పక్కన బొమ్మకు తగలకుండా ఒక తడి దూది ముద్ద ఉంచండి. ఒక రోజు తర్వాత అదే చోట కొత్త పొడి కనిపిస్తే జబ్బు ఉన్నట్టే. అప్పుడు తడి దూది తీసేసి సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు, తడిస్తే రంగు మారే రకం) వేయండి. తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ కూడా లోపలే ఉంచి, తేమ 40 శాతం దాటకుండా చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో జెల్ త్వరగా తడిసిపోతుంది, రంగు మారగానే ఆరబెట్టుకోవాలి. ఈ జబ్బును ఆపడానికి వాడే బెంజోట్రయజోల్ అనే రసాయనం పూత విషపూరితం, దాన్ని కన్జర్వేటర్లకే, అంటే పాత వస్తువులను కాపాడే నిపుణులకే వదిలేయండి.

బొమ్మను నీళ్లలో మాత్రం నానబెట్టకండి. డొల్లగా పోసిన వాటిలో మూస మట్టి ఉండిపోతుంది, అది నీళ్లు పీల్చి నెలల తరబడి తేమను లోపల దాచుకుంటుంది. ఆ మట్టిని గోకి తీసేసి 'శుభ్రం' చేసినవారికి ఇంకో మాట. పోత సమయంలో కాలిన ఆ మట్టికే థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష (మట్టిని వేడి చేసి, వచ్చే వెలుగును కొలిచేది) చేసి వయసు కడతారు. లోహానికి ఆ పరీక్ష కుదరదు. మట్టి పోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇక అసలు చిరాకు తెప్పించేది: 'పచ్చగా ఉంది కాబట్టి పాతది'. ఆదిలాబాద్ ఓజాలు (ఇత్తడి పోతపనివారు) అక్కడి గిరిజనులైన రాజ్‌గోండులకు, కోలాములకు పోసిన గజ్జెలు, గంటలు, దేవర బొమ్మలు గానీ, బస్తర్‌లో అదే పని చేసే ఘడ్వాల దీపాలు గానీ మట్టిలో పూడ్చి పెట్టడానికి చేసినవి కావు. చేతుల్లో తిరిగాయి, నూనె తాగాయి, పొగ పట్టాయి. అలాంటి వస్తువు ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఒళ్లంతా పచ్చగా ఉందంటే నేను వయసు అడగను, అమ్మోనియా ఆవిరి ఎవరు పట్టించారని అడుగుతాను. ఉప్పు కలిపిన పేడలో పాతిపెట్టినా అదే రంగు వస్తుంది. అడుగున కనపడని చోట అసిటోన్ అద్దిన దూదితో రుద్దండి. రంగు ఊడొస్తే అది పెయింటు. ఊడనంత మాత్రాన పాతదని కాదు, మందుతో తెప్పించిన చిలుము అసిటోన్‌కు కరగదు. అప్పుడు టూత్‌పిక్‌తో ఒక చుక్కంత గీకండి. పొడిలా లేచి, కింద పసుప్పచ్చ ఇత్తడి మెరిస్తే నిన్నమొన్నటిది. సహజంగా పట్టిన చిలుము కింద ఎర్రటి గోధుమ రంగు పొర ఉంటుంది, గట్టిగా అంటుకుని ఉంటుంది.

విదేశీ పుస్తకాల్లో జింకు శాతాన్ని బట్టి కాలం కట్టే పద్ధతి కనిపిస్తుంది: జింకు ఎక్కువుంటే కొత్తదని. రాజస్థాన్‌లోని జావర్‌లో శతాబ్దాల కిందటే జింకును బట్టీ పెట్టి తీశారు, పైగా మన పోతగాళ్లు పాత గిన్నెలూ చెంబులూ కరిగించి పోస్తారు. ఇక్కడి వస్తువులకు ఆ లెక్క పనికిరాదు.

అరుగుదల చూడండి. వేలాడదీసిన గంటకు పై కొక్కెం లోపలి పైఅంచు తాడుకు సన్నబడి ఉండాలి. కింద, లోపలి గోడ మీద, నాలుక తగిలే రెండు చోట్ల ఎదురెదురుగా గుంటలు పడాలి. కాలి కడియం లోపలంతా చర్మానికి నున్నబడి, రెండో కాలికి తగిలే పక్కన తీగ నగిషీ (పోతకు ముందు మైనపు నమూనా మీద మైనపు తీగలు అతికించి తీసిన గీతలు) చదునవుతుంది. దేవర బొమ్మకు ముక్కు, రొమ్ము, మోకాళ్లు అరుగుతాయి, వెనక వైపు మైనపు తీగల గీతలు పదునుగానే మిగులుతాయి. దీపం వత్తి మూతి దగ్గర కాలిన నూనె గోటికి రానంతగా గట్టిపడుతుంది. ఘానాలో అకన్ జనం 19వ శతాబ్దం చివరి దాకా బంగారు పొడి తూచిన ఇత్తడి తూకపు రాళ్లు సంచిలో ఒకదానికొకటి రాసుకునేవి, కాబట్టి అన్ని వైపులా అరుగుతాయి. తూకం తగ్గిన వాటికి సీసం అతికించేవారు, ఆ బూడిద రంగు అతుకు కనపడితే ఆ రాయిని నేను ఇంకాసేపు చేతిలో ఉంచుకుంటాను. అవి చాలావరకు గట్టి పోత, లోపల మట్టి ఉండదు, వయసు పరీక్షా ఉండదు. బఫింగ్ చక్రం పెట్టి అరగదీసిన నకిలీలో గీతలన్నీ ఒకే దిక్కున పోతాయి, 10 రెట్ల లెన్స్ చాలు. వాడకంలో పడ్డ గీతలకు దిక్కూ దరీ ఉండదు.

అమెరికా తీసుకెళ్లాలనుకునేవారికి: 1972 నాటి మన పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటినది పురావస్తువు, సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. వయసు తక్కువైనా చూడటానికి పాతగా ఉంటే, పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ ఇచ్చే ధ్రువపత్రం ముందే తీసుకోండి.

అభ్యాసం: ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో వాడిన మూడు ఇత్తడి వస్తువులు, ఒక కొత్తది ఎంచుకోండి. ఒక్కోదానికి నాలుగు వైపుల నుంచీ, అడుగు నుంచీ, అంటే మొత్తం ఇరవై గీత బొమ్మలు వేయండి. ఫోన్ ఫొటోలు లెక్కలోకి రావు. చీకటి గదిలో టార్చి పక్కవాటుగా పట్టి, అరిగిన చోట ఎర్ర పెన్సిల్, చిలుము ఉన్న చోట పచ్చ పెన్సిల్ వాడండి. ప్రతి ఎర్ర మచ్చ పక్కనా దాన్ని ఏది అరగదీసిందో రాయండి: చెయ్యా, తాడా, పీటా, చింతపండా.