పాత పెట్రోలు బంకుల ఎనామెల్ బోర్డులను సేకరించడం ఎలా?

పెట్రోలు బంకుల ముందు, మెకానిక్ షెడ్ల గోడల మీద, కిరసనాయిలు కొట్ల గుమ్మాల పైన ఒకప్పుడు వేలాడిన ఇనుప బోర్డులకు ఇప్పుడు మంచి ధర పలుకుతోంది. అమెరికాలో రెక్కల గుర్రం ఉన్న మొబిల్ బోర్డులు, డైనోసార్ బొమ్మ ఉన్న సింక్లెయిర్ బోర్డులు వేలంపాటల్లో వేల డాలర్లకు అమ్ముడవుతాయి. మన దేశంలో బర్మా షెల్, కాల్టెక్స్, ఎస్సో, స్టాన్‌వాక్ బోర్డుల కోసం వెతికేవారున్నారు. నకళ్లు విరివిగా తిరిగే సరుకు కాబట్టి, డబ్బు తీయకముందే కొన్ని విషయాలు తెలుసుకోవడం మంచిది.

ముందుగా కంపెనీల చరిత్ర

బోర్డు వయసు లెక్కగట్టడానికి దాని మీద ఉన్న పేరు గట్టి ఆధారం. బర్మా షెల్ మన దేశంలో 1928లో ఏర్పడి, 1976లో ప్రభుత్వపరమై, మరుసటి ఏడాది భారత్ పెట్రోలియం అయింది. కాబట్టి బర్మా షెల్ బోర్డును చూపించి ‘ఇది 1910 నాటిది’ అని ఎవరైనా అంటే, ఆ బేరం అక్కడితో ఆపేయవచ్చు. స్టాన్‌వాక్ 1933లో పుట్టింది, 1962లో ఇక్కడి దాని వ్యాపారం ఎస్సో పేరుకు మారింది, 1974లో ఎస్సో హిందుస్థాన్ పెట్రోలియంగా రూపాంతరం చెందింది. కాల్టెక్స్ 1936లో మొదలైంది. ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియం నడుపుతున్న విశాఖపట్నం రిఫైనరీ 1957లో కాల్టెక్స్ చేతుల్లోనే ఉత్పత్తి ప్రారంభించింది. కాస్ట్రాల్ బోర్డు మీద ‘వేక్‌ఫీల్డ్’ అన్న పేరు కూడా ఉంటే అది సాధారణంగా 1960కి ముందుది, ఎందుకంటే ఆ కంపెనీ వేక్‌ఫీల్డ్ పేరు వదిలి కాస్ట్రాల్‌గా మారింది ఆ ఏడాదే.

చిహ్నాలను కూడా ఇలాగే చదవాలి. షెల్ గవ్వ బొమ్మ ఇప్పుడు మనం చూస్తున్న నున్నటి రూపానికి వచ్చింది 1971లో, కాబట్టి ఆ గీతలతోనే ఉన్న బోర్డును రెండో ప్రపంచ యుద్ధ కాలానిదని నమ్మనవసరం లేదు. ధర రాసిన పలక దొరికితే మరీ సులువు: అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ కంటే ముందుదనీ, నయాపైసల్లో ఉంటే ఆ తరువాతిదనీ చెప్పవచ్చు.

తరువాత చేతితో పరీక్ష

ఎనామెల్ బోర్డు అంటే ఇనుప రేకు మీద గాజు పొడిని పూసి, సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరిగించి అతికించినది. పాత పద్ధతిలో ఒక్కొక్క రంగును విడిగా పూసి, ప్రతిసారీ బట్టీలో పెట్టి కాల్చేవారు. అందువల్ల రెండు రంగులు కలిసే చోట వేలు నడిపితే సన్నని మెట్టు తగులుతుంది. రంగులన్నీ ఒకే చదునులో ఉంటే అనుమానించండి. బోర్డుకు అయస్కాంతం అతుక్కోవాలి, పరిమాణానికి తగిన బరువుండాలి. వెనుక వైపు కూడా ఎనామెల్ పూత ఉందేమో చూడండి, ఎందుకంటే తేమ పట్టకుండా రెండు వైపులా పూయడం అప్పటి పద్ధతి.

అన్నిటికంటే ఎక్కువ సమయం తుప్పు దగ్గర వెచ్చించాలి. ఏళ్లతరబడి మేకులకు వేలాడిన బోర్డుకు మేకు రంధ్రాల చుట్టూ, అంచుల దగ్గర పెచ్చులు ఊడి ఉంటాయి. ఆ చోట్ల తుప్పు ముదురు గోధుమ రంగులో, గట్టిపడి కనిపిస్తుంది. నకలు చేసేవారు సుత్తితో పెచ్చులు ఊడగొట్టి, ఆమ్లం పోసి, ఉప్పు నీళ్లు చల్లి వయసు తెప్పిస్తారు, అప్పుడు వచ్చేది వేలికి అంటుకునే నారింజ రంగు తుప్పు. రంధ్రాలు శుభ్రంగా ఉండి, మధ్యలో మాత్రమే దెబ్బలుంటే ఆ బోర్డు ఎక్కడా వేలాడలేదన్నమాట. అమెరికా మార్కెట్లో తిరిగే నకిలీ ఎనామెల్ బోర్డుల్లో మన దేశంలో తయారై వెళ్లినవి తక్కువేమీ కాదు కాబట్టి, కింది అంచున పాత తయారీదారు పేరు కనిపించినంత మాత్రాన పొంగిపోవద్దు, దాన్ని కూడా నకలు చేస్తారు.

పెచ్చుల మీద కొత్త రంగు పూశారేమో తెలుసుకోవడానికి చీకటి గదిలో అతినీలలోహిత కాంతి టార్చి వేసి చూడండి. కొత్త పెయింటు చుట్టుపక్కల ఎనామెల్ కంటే వేరుగా మెరుస్తుంది. అసిటోన్‌లో ముంచిన దూదితో ఒక మూల రుద్దితే పెయింటు కరుగుతుంది, గాజు పూత కరగదు. అమ్మకందారు అనుమతి లేకుండా ఈ పని చేయవద్దు, ఎనామెల్ లేకుండా రేకు మీద నేరుగా రంగులు ముద్రించిన బోర్డుల మీద అసలే చేయవద్దు.

ఎక్కడ వెతకాలి?

హైదరాబాదులో జుమేరాత్ బజార్, ముంబైలో చోర్ బజార్, తమిళనాడులో కారైకుడి పాత సామాన్ల వీధి ప్రసిద్ధమైన చోట్లు. అక్కడి వ్యాపారులకు సరుకు విలువ మనకంటే బాగా తెలుసు, కాబట్టి చౌకగా దొరుకుతుందని ఆశ పెట్టుకోనక్కరలేదు. నా అభిప్రాయంలో పాత హైవేల పక్కనున్న తుక్కు కొట్లు, మూతపడిన లూబ్రికెంట్ ఏజెన్సీల గోడౌన్లు, పాత డీలర్ల కుటుంబాలు మేలు. ఇంకా గోడకు ఉన్న బోర్డు ఎవరిదో కనుక్కుని, యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే విప్పాలి. ఎక్కడ కొన్నా రసీదు తీసుకుని, బోర్డు ఏ ఊరి నుంచి వచ్చిందో అందులో రాయించండి.

రెండు వైపులా అక్షరాలున్నది, గోడ నుంచి అడ్డంగా పొడుచుకు వచ్చే అంచున్నది ఒక వైపు బోర్డు కంటే ఎక్కువ ధర చేస్తాయి. బొమ్మ మధ్యలో పెచ్చు ఊడితే విలువ బాగా పడిపోతుంది, అంచున ఊడితే అంతగా పడదు. మళ్లీ రంగు పూసిన ‘కొత్తలాంటి’ బోర్డు కంటే పెచ్చులూడిన అసలు బోర్డునే నేను ఎంచుకుంటాను.

ఇంటికి తెచ్చాక

గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తటి గుడ్డ సరిపోతాయి. స్టీలు పీచు, టాయిలెట్ కడిగే ఆమ్లం వాడితే గాజు మెరుపు శాశ్వతంగా పోతుంది. పూర్తిగా ఆరాక, తుప్పున్న చోట పలుచగా మైనం రుద్దితే తుప్పు పాకడం నెమ్మదిస్తుంది. తగిలించేటప్పుడు పాత రంధ్రాలనే వాడి, స్క్రూ కింద రబ్బరు వాషరు వేయండి. గట్టిగా బిగిస్తే ఎనామెల్ పగులుతుంది.

విదేశాల్లో ఉన్నవారు బోర్డును వెంట తీసుకెళ్లదలిస్తే 1972 నాటి పురావస్తువుల చట్టాన్ని గుర్తుంచుకోవాలి. కనీసం వందేళ్ల వయసున్న ఇలాంటి వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వందేళ్లలోపు బోర్డే అయినా, కస్టమ్స్ అధికారుల ముందు వాదించే బదులు, అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇచ్చే ధ్రువపత్రాన్ని ప్రయాణానికి చాలా ముందుగానే తీసుకోండి.